కొన్యాకు: భిక్షువుల వంటశాలలో ఒక దుంప చరిత్ర

బౌద్ధ సంస్కృతీ చరిత్రను స్తూపాలు, శాసనాలు, ప్రతిమలు, గ్రంథాల ఆధారంగా పరిశీలించడం పరిపాటి. విహారపు వంటశాల వైపు పరిశోధకుల దృష్టి అంతగా ప్రసరించలేదు. అయితే సంఘం తన నిత్యజీవితంలో ఎదుర్కొన్న ధర్మసందేహాల్లో అధికభాగం భిక్షాపాత్ర చుట్టూ తిరిగినవే. ఏది భోజ్యం, ఏది అభోజ్యం, ఏ వేళ భుజించాలి, ఏ దుంపను ఎవరు తవ్వాలి అన్న ప్రశ్నలకు వినయ పిటకం ఇచ్చిన స్థానం అల్పమైనది కాదు. మహావగ్గంలోని భేషజ్జక్ఖంధకం అనే అధ్యాయమంతా ఔషధ, ఆహార విచారణకే కేటాయించబడింది.

ఈ దృష్టితో చూడదగిన పదార్థాల్లో కొన్యాకు ఒకటి. ఇది ఒక దుంప నుండి తీసే జిగురు ముద్ద. జపాను, చైనా దేశాల్లో ముక్కలుగాను, సన్నని నూడుల్స్‌గాను వండుకుంటారు. పచ్చి దుంప నోట పెడితే గొంతు దహించుకుపోతుంది. వండిన ముద్దకు చెప్పుకోదగ్గ రుచి లేదు, పోషకబలమూ లేదు. ఇటువంటి పదార్థం ధ్యాన సంప్రదాయపు విహారాల్లో గౌరవనీయమైన ఆహారంగా ఎందుకు నిలిచింది? ఆ నిలకడలో బౌద్ధ ఆచారానికి ఉన్న పాత్ర ఎంత? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలివి.

దుంప, దాని బంధువర్గం

వృక్షశాస్త్రం ఈ మొక్కను అమార్ఫోఫాలస్ కొంజాక్ అని పిలుస్తుంది. చేమ, కంద చేరిన కుటుంబమే దీనిదీ. నైరుతి చైనా, దానిని ఆనుకొని ఉన్న కొండసీమలు దీని పుట్టినిల్లు. భూమిలోంచి ఒకే ఒక కాడ లేచి పైన గొడుగులా విచ్చుకుంటుంది. కాడపై పాముచర్మం వంటి మచ్చలుంటాయి. ముదురు ఊదారంగు పువ్వు కుళ్ళిన మాంసపు వాసన వేస్తుంది. చైనీయులు వాడుకలో దీనిని ‘మో యూ’ అంటారు. దయ్యపు చేమ అని దాని అర్థం.

తెలుగువారికి ఈ మొక్క పరాయిది కాదు. సంస్కృత వైద్యగ్రంథాలు సూరణమని పిలిచే మన కంద దీనికి దగ్గరి చుట్టం. అది అదే అమార్ఫోఫాలస్ జాతిలోని మరొక తెగ. రెంటిలోనూ సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలున్నాయి. దురదకు కారణం అవే. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్న సామెత పుట్టింది ఈ అనుభవం నుండే. ఆంధ్రదేశపు ఇల్లాలు చేతికి నూనె రాసుకొని కంద చెక్కు తీస్తుంది, చింతపండు పులుసుతో ఉడికించి దాని దురద అణుస్తుంది. విందుల్లో పేరుపొందిన కంద బచ్చలి కూర ఆ విద్యకు ఫలం. తూర్పు ఆసియావారు ఎన్నుకొన్న దారి దీనికి విరుద్ధమైనది. మనం పులుపును ఆశ్రయిస్తే వారు క్షారాన్ని ఆశ్రయించారు.

ఈ భేదానికి కారణం దుంపల స్వభావంలోనే ఉంది. కందలో ప్రధానంగా ఉన్నది పిండిపదార్థం. కొంజాక్ దుంపను ఎండబెడితే అందులో సుమారు సగం వరకు గ్లూకోమన్నన్ అనే పీచుపదార్థం ఉంటుంది. అది తన బరువుకు అనేక రెట్లు నీటిని పీల్చుకొని జిగురుగా మారుతుంది. ఆ జిగురుకు క్షారం తగిలించి కాచితే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడినది మళ్ళీ ఎంత కాచినా కరగదు. అందుచేత కందతో కొన్యాకు చేయడం సాధ్యం కాదు. బంధుత్వమున్నా గుణం వేరు.

షు దేశపు సాక్ష్యం

కొంజాక్ ఆహారాన్ని గూర్చిన ప్రాచీన లిఖిత సాక్ష్యం చైనాలో క్రీ.శ. 3వ శతాబ్దికి చెందినది. జువో సి అనే కవి మూడు రాజధానులను వర్ణిస్తూ రచించిన కావ్యాల్లో షు రాజధానిని, అనగా నేటి సిచువాన్ ప్రాంతపు నగరాన్ని వర్ణించిన భాగంలో ‘జురువో’ పేరు వస్తుంది. జపాను భాషలోని ‘కొన్యాకు’ ఈ చైనా పదపు లిపిరూపాన్నే నేటికీ ధరించి ఉంది. ఆ కావ్యానికి ల్యూ క్వెయ్ వ్రాసిన ప్రాచీన వ్యాఖ్య మరింత విలువైనది. తెల్లని కండగల ఆ దుంపను బూడిద తేట నీటిలో ఉడికిస్తే గడ్డకడుతుందని, దానిని పుల్లని ద్రవంలో ఊరవేసి తింటారని, షు ప్రజలకు అది ప్రియమైనదని వ్యాఖ్యాత వివరించాడు. పదిహేడు వందల ఏండ్ల తరువాత కూడా తయారీలోని మూలసూత్రం ఇదే.

కాలాన్ని పోల్చి చూస్తే, కృష్ణాతీరాన విజయపురిలో ఇక్ష్వాకులు పాలిస్తూ శ్రీపర్వతంపై విహారాలు వెలసిన రోజులవి. షు సీమలో కొంజాక్ అప్పటికి లౌకిక జనుల వంటకం. దానికి బౌద్ధ సంబంధాన్ని ఈ సాక్ష్యం నుండి ఊహించరాదు. ఆ సంబంధం ఏర్పడడానికి భిక్షువుల ఆహారనియమాల్లో ఒక పెద్ద మార్పు రావలసి ఉంది.

వినయం, మాంసం, మూలబీజం

ప్రాచీన వినయం మాంసాన్ని పూర్తిగా నిషేధించలేదు. తనకోసం చంపినట్లు చూడని, వినని, అనుమానించని మాంసాన్ని భిక్షువు స్వీకరించవచ్చు. మనిషి, ఏనుగు, గుర్రం, కుక్క, పాము, సింహం, పులి మొదలైన పదింటి మాంసం మాత్రం వర్జ్యం. శాకాహారాన్ని అందరికీ విధిగా చేయమని దేవదత్తుడు కోరినప్పుడు తథాగతుడు అంగీకరించలేదు. భిక్షాటనతో జీవించేవాడు దాత పెట్టినదానిని ఎంచరాదన్నది దీనిలోని తాత్పర్యం.

మహాయాన సూత్రాలు ఈ ప్రశ్నను కరుణ దృష్టితో మళ్ళీ తెరిచాయి. లంకావతార సూత్రం మాంసభక్షణ నిరసనకు ఒక అధ్యాయాన్నే కేటాయించింది. చైనాలో బోధిసత్త్వ శీలాలకు ప్రమాణంగా నిలిచిన బ్రహ్మజాల సూత్రం మాంసంతోపాటు వెల్లుల్లి, ఉల్లి వంటి ఐదు ఘాటైన దుంపకూరలనూ త్యజించమన్నది. 502 నుండి 549 వరకు పాలించిన లియాంగ్ వంశపు వూ చక్రవర్తి సంఘంలో మద్యమాంసాల విసర్జనకు రాజశక్తిని జోడించాడు. ఆ తరువాత చైనా భిక్షువులకు శాకాహారం కులధర్మం వంటిదయింది. ఉల్లి, వెల్లుల్లి వీడి, మాంసం వీడి, దీర్ఘకాలం జీవించవలసిన సమూహానికి సోయా, పుట్టగొడుగులు, దుంపలు ఆధారమయ్యాయి.

ఇక్కడ భారతీయ వినయానికి, చైనా ఆచారానికి మధ్య మరొక అంతరం గమనించదగినది. పాలి పాతిమోక్ఖంలో 10వ పాచిత్తియ నియమం నేలను తవ్వడాన్ని, 11వది మొక్కలను నాశనం చేయడాన్ని నిషేధిస్తాయి. దుంపలు ‘మూలబీజం’ అనే వర్గానికి చెందుతాయి. అంటే వేరు నుండి మళ్ళీ మొలవగల ప్రాణశక్తి కలవి. అటువంటిదానిని నిప్పుతోనో కత్తితోనో మరొకరు ‘కప్పియం’ చేసిన తరువాతనే భిక్షువు భుజించాలి. చైనా ధ్యాన విహారాలు, ముఖ్యంగా 8, 9 శతాబ్దుల నాటి బైజాంగ్ పేరిట ప్రసిద్ధమైన సంప్రదాయంలో, భిక్షువులే తోటపనికి పూనుకొన్నాయి. పనిచేయని దినాన భోజనం చేయరాదన్నది ఆ ఆచార్యుని నియమంగా చెబుతారు. ఒక దుంపను తవ్వడం దక్షిణ సంప్రదాయంలో ఆపత్తి, ఉత్తర సంప్రదాయంలో సాధన. ఒకరు దుంపలోని ప్రాణాన్ని కాపాడాలనుకొన్నారు, మరొకరు దాతలపై భారం వేయకుండా జీవించాలనుకొన్నారు. ఈ రెండింటిలో ఏదీ ధర్మానికి వెలుపల పుట్టినది కాదు.

చైనా భిక్షువులకు కొంజాక్‌తో ఉన్న అనుబంధానికి సిచువాన్‌లోని ఎమెయ్ పర్వతం నేటికీ సాక్షి. సమంతభద్ర బోధిసత్త్వుని నివాసంగా పూజలందుకొనే ఈ పర్వతంపై ‘మంచు కొంజాక్’ ప్రసిద్ధం. తయారైన ముద్దలను శీతకాలపు మంచులో గడ్డకట్టించి ఎండబెడతారు. లోపలి నీరు పోయి అవి తేనెపట్టు వంటి రంధ్రాలతో తేలికపడతాయి. నానబెట్టి వండితే పులుసును ఆ రంధ్రాల్లోకి పీల్చుకొంటాయి. రుచిలేని పదార్థానికి రుచిని నిలుపుకొనే శక్తి ఆ విధంగా సమకూరుతుంది. జపానులోని ఇబరాకి సీమలోనూ ఇదే పద్ధతిలో ఎండు కొన్యాకు చేస్తారు.

షోజిన్ అంటే వీర్యం

కొంజాక్ జపానుకు కొరియా మీదుగా 6వ శతాబ్దిలో బౌద్ధంతోపాటు ఔషధంగా చేరిందని సంప్రదాయ కథనం. నిఘంటు సాక్ష్యం మాత్రం 10వ శతాబ్దికి చెందినది. 930ల్లో మినమోతో నో షితగో కూర్చిన వమ్యో రుయిజుషో అనే నిఘంటువులో కొన్యాకు పేరు ఉంది. మొదట మందుగా వచ్చి పిదప ఆహారమైన వస్తువులు బౌద్ధ చరిత్రలో అరుదు కావు. పసుపు, అల్లం, వస వంటి వేళ్ళను భేషజ్జక్ఖంధకం మూలభేషజ్జాలుగా పేర్కొని, కారణమున్నప్పుడు యావజ్జీవం దాచుకొని వాడుకోవడానికి అనుమతించిన సంగతి ఇక్కడ స్మరణీయం.

జపానులో 675లో తెన్ము చక్రవర్తి వేసవి మొదలు శరత్తు వరకు ఎద్దు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. జింక, అడవిపంది ఆ జాబితాలో లేవు. సేద్యపు కాలంలో పశువుల రక్షణ కూడా ఆ శాసనపు ఉద్దేశాల్లో ఉండవచ్చునని పండితుల అభిప్రాయం. అయినప్పటికీ మాంసంపై సంకోచం సమాజంలో వేళ్ళూనడానికి అది తోడ్పడింది. 13వ శతాబ్ది నుండి జెన్ విహారాలు వృద్ధి పొందడంతో విహార భోజనం ఒక శాస్త్రంగా రూపుదిద్దుకొన్నది. దాని పేరు షోజిన్ ర్యోరి.

ఈ పేరులోని భారతీయ మూలం విస్మరించరానిది. ‘షోజిన్’ అన్న చైనా-జపాను పదం సంస్కృతంలోని ‘వీర్య’ శబ్దానికి అనువాదం. ఆరు పారమితల్లో నాలుగవది వీర్య పారమిత, అనగా అలసట ఎరుగని కుశల ప్రయత్నం. నాగార్జునాచార్యునికి ఆపాదితమై, కుమారజీవుడు 5వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో చైనా భాషలోకి తెచ్చిన మహాప్రజ్ఞాపారమితా వ్యాఖ్య ఈ పారమితను విస్తారంగా వివరించింది. జపానులో నాగార్జునుని ఎనిమిది శాఖలకు మూలపురుషునిగా గౌరవిస్తారు. మొదట సాధకుని కృషిని సూచించిన మాట క్రమంగా ఆ కృషిలో ఉన్నవాని భోజనానికి పేరయింది. సామాన్య వాడుకలో ‘శాకాహార వంట’ అని స్థిరపడినా, పదం లోపల ‘ప్రయత్నం’ ఇంకా పలుకుతూనే ఉంది.

వంటను సాధనగా నిరూపించిన ప్రధాన గ్రంథం దోగెన్ ఆచార్యుడు 1237లో రచించిన తెంజో క్యోకున్, అనగా వంటశాలాధికారికి ఉపదేశం. అందులో ఆచార్యుడు 1223లో చైనా రేవులో ఓడపై ఉండగా కలిసిన ఒక వృద్ధ భిక్షువును స్మరించాడు. ఆయన వయసు అరవై ఒకటి. అశోక చక్రవర్తి పేరిట వెలసిన అయూవాంగ్ పర్వత విహారంలో వంటశాలాధికారి. మరునాడు భిక్షువులకు నూడుల్స్ పులుసు వండవలసి ఉండగా, అందులో వేయడానికి పుట్టగొడుగులు కొనుక్కోవాలని కాలినడకన ఓడ వద్దకు వచ్చాడు. ధ్యానం, గ్రంథపఠనం విడిచి ఈ వయసులో వంటపని ఎందుకని యువ దోగెన్ అడిగినప్పుడు, సాధన అంటే ఏమిటో నీకింకా తెలియలేదని ఆయన నవ్వాడు. ఆ వృద్ధుడు తన స్వస్థలం పశ్చిమ షు సీమ అని చెప్పుకొన్నాడు. అది కొంజాక్ పుట్టిన సీమ. ఆ సంభాషణలో కొంజాక్ ప్రస్తావన లేదు. అయితే అశోకుని పేరు మోసే కొండ, షు దేశపు వంటవాడు, నూడుల్స్ పులుసు, జపాను శిష్యుడు ఒకే సన్నివేశంలో కలవడం ఆసియా బౌద్ధ వంటశాలల పరస్పర సంబంధాన్ని కళ్ళకు కట్టిస్తుంది.

నూడుల్స్ విద్య వ్యాప్తిలోనూ భిక్షువుల పాత్ర నమోదై ఉంది. 1241లో చైనా నుండి తిరిగివచ్చిన ఎన్ని బెన్‌ఎన్ వెంట తెచ్చిన నీటి తిరగలి చిత్రపటం క్యోటోలోని తోఫుకుజి విహారంలో భద్రంగా ఉంది. పిండి విసరడం సులువైతే నూడుల్స్ సులువవుతాయి. కొన్యాకుకు మాత్రం ఆ సౌలభ్యం రావడానికి మరి ఐదు శతాబ్దాలు పట్టింది.

విహార వంటకాల్లో కొన్యాకు తరచు మాంసానికి ప్రతినిధిగా నిలిచింది. ‘తనుకి జిరు’ అనే పులుసు మొదట తనుకి అనే అడవిజంతువు మాంసంతో చేసేది. విహారాలు ఆ మాంసం స్థానంలో నూనెలో వేయించిన కొన్యాకు ముక్కలు వేసి, పేరును అలాగే ఉంచాయి. పలుచగా కోసిన కొన్యాకును ‘కొండ ఫుగు’ అంటారు. ఫుగు అనేది విషపు చేప. హింసను విడిచినవాడు హింస పేరును ఎందుకు నిలుపుకోవాలన్న ప్రశ్న నేటి భిక్షువులకూ ఎదురవుతున్నదే. విడిచినదానిని మరువకుండా గుర్తుచేయడం ఆ పేర్ల పని అని ఒక సమాధానం. నాలుక కోరికకు లొంగుబాటు అని మరొక సమాధానం. సంప్రదాయం రెంటికీ చోటిచ్చింది.

ఇంటి పొయ్యి మీద

తయారీ విధానాన్ని తెలుసుకోనిదే ఈ ఆహారపు విలువ బోధపడదు. దుంపను వసంతంలో నాటి, శరత్తులో తవ్వి, మంచు తగలకుండా దాచి, మరుసటి వసంతంలో తిరిగి నాటుతారు. రెండు మూడేండ్లకు గాని అది పక్వానికి రాదు. జపాను కొండపల్లెల్లో శీతకాలం వస్తే ప్రతి ఇంట కొన్యాకు చేసుకోవడం వాడుక.

పచ్చి దుంపతో చేసేవారు చేతులకు తొడుగు వేసుకొని చెక్కు తీసి, ముక్కలు ఉడికించి, దుంప బరువుకు మూడింతలకు పైగా నీరు చేర్చి మెత్తగా రుబ్బుతారు. కొంతసేపటికి అది జిగురుగా చిక్కబడుతుంది. అప్పుడు బూడిద తేట నీరు గాని సున్నపు తేట గాని పోసి వేగంగా కలుపుతారు. మొదట ముద్ద విరిగి తునకలవుతుంది. అనుభవం లేనివారు ఇక్కడే పాడయిందని వదిలేస్తారు. ఆగకుండా పిసికితే తునకలు మళ్ళీ ఒకటై నునుపు తేలతాయి. ఉండలుగానో పలకలుగానో చేసి అర్ధగంటకు పైగా మరుగునీటిలో ఉడికించి, ఆ నీరు పారబోసి, చన్నీటిలో ఉంచితే అధిక క్షారం, ఘాటు వాసన తగ్గుతాయి.

పొడితో చేసుకోవడం నేటి ఇండ్లలో సులభం. సుమారు 30 గ్రాముల పొడిని లీటరు నీటిలో ఉండ కట్టకుండా కలిపి, చిక్కబడే వరకు కాచి, పక్కన పెట్టాలి. ఆహారానికి తగిన సున్నం ఒకటిన్నర నుండి రెండు గ్రాములు కొద్ది నీటిలో కలిపి ఆ జిగురులో వేసి పిసకాలి. నూడుల్స్ కావాలంటే ఆ ముద్దను సన్న రంధ్రాల గొట్టంలోంచి మరుగుతున్న నీటిలోకి వత్తాలి. తెలుగింటి జంతికల గొట్టం, సన్న కారప్పూస బిళ్ళ ఆ పనికి చక్కగా ఒదుగుతాయి. దారాలు నీటిలో పడగానే బిగుసుకొంటాయి. జపానులో వీటిని ‘షిరతకి’, అనగా తెల్లని జలపాతం అంటారు. పశ్చిమ జపానులో పలకను సన్నగా కోసిన దారాలకు ‘ఇతో కొన్యాకు’ అని పేరు.

తినే ముందు మరోసారి ఉప్పునీటిలో ఉడికించి, పొడి బాణలిలో నీరు ఇగిరే వరకు వేయించడం మేలు. ఆ తరువాత సోయా పులుసు, నువ్వుల ముద్ద, మిసో దేనితో కలిపినా దాని రుచిని తీసుకొంటాయి. లేత తాటిముంజెకు కొంత బిగువు చేర్చినట్లుంటుంది నమలడం. బాగా నమిలి మింగడం అవసరం. పొడిని నీరు లేకుండా నోట వేసుకోరాదు. గొంతులో ఉబ్బి ప్రమాదం కలిగిస్తుంది. పూర్తయిన కొన్యాకులో నూటికి 97 పాళ్ళు నీరే.

పొడి, పట్నం, పుస్తకం

పచ్చి దుంప బరువైనది, చలికి కుళ్ళిపోతుంది. అందువల్ల శతాబ్దాల పాటు కొన్యాకు పండిన చోటనే, పండిన కాలంలోనే వండుకొనే వంటకం. ఈ స్థితిని మార్చినవాడు ఒక రైతు. మితో సంస్థానంలో, నేటి ఇబరాకి రాష్ట్రపు దయిగో ప్రాంతానికి చెందిన నకజిమ తోఎమోన్, తెగిన దుంప ముక్క ఎండి తెల్లగా మారడం గమనించి, దుంపను పలుచని బిళ్ళలుగా కోసి ఎండబెట్టి పొడిచేసే పద్ధతిని 1776లో రూపొందించాడని ప్రసిద్ధి. పొడి ఏండ్ల తరబడి నిలుస్తుంది, గుర్రంపై దూరదేశాలకు పోతుంది. కొన్యాకు విహారాల నుండి, కొండపల్లెల నుండి ఎదో నగర వీధుల్లోకి వచ్చింది. మితో సంస్థానానికి అది ముఖ్యమైన ఆదాయ వనరయింది. దయిగోలో నేడు కొన్యాకు పేరిట ఒక దేవళం కూడా ఉంది.

పొడితో చేసిన కొన్యాకు తెల్లగా ఉంటుంది. చెక్కుతో చేసిన పాతకాలపు దాని నల్లమచ్చలకు అలవాటు పడినవారికి అది నచ్చలేదు. వారికోసం సముద్రపు నాచు పొడిని కలపడం ఆచారమై నేటికీ కొనసాగుతోంది. 1846లో కొన్యాకు వంటకాలను వర్ణించే ‘కొన్యాకు హ్యకుచిన్’ వెలువడింది. 1782లో వచ్చిన టోఫు వంటల పుస్తకం దానికి మాతృక. భిక్షువుల మితాహారంగా ఉన్నది పట్నవాసుల వినోదమైనట్లు ఈ పుస్తకాలు సూచిస్తాయి.

యముడు, సూదులు, మౌనవాదం

ప్రజల భక్తిలోనూ కొన్యాకు చోటు సంపాదించింది. టోక్యోలోని గెంకకుజి ఆలయంలో యముని ప్రతిమ ఉంది. వైదిక యముడు బౌద్ధంతోపాటు చైనా మీదుగా ప్రయాణించి జపానులో ‘ఎన్మ’ అయ్యాడు. ఈ ప్రతిమ కుడికన్ను మసకబారి ఉంటుంది. 18వ శతాబ్దిలో కంటిజబ్బుతో బాధపడిన ఒక వృద్ధురాలు ఈ యముని వేడుకోగా, ఆయన తన కంటిని ఆమెకు ఇచ్చాడని, కృతజ్ఞతగా ఆమె తనకెంతో ఇష్టమైన కొన్యాకును మానుకొని స్వామికి నైవేద్యం పెట్టిందని కథ. నాటి నుండి ఆయన ‘కొన్యాకు ఎన్మ’. దండధరుడు దాత కావడం, పేదరాలి త్యాగం ఒక రుచిలేని ముద్ద కావడం ఈ కథలోని విశేషం. ఇష్టమైనదానిని విడవడమే దానమన్న బోధ దీనికంటే సరళంగా చెప్పడం కష్టం.

సూదుల సంస్మరణ మరొక ఆచారం. ఏడాదంతా గట్టి బట్టలను గుచ్చి విరిగిన సూదులకు చివర మెత్తని విశ్రాంతి ఇవ్వాలని టోఫులోనో కొన్యాకులోనో గుచ్చి ప్రార్థిస్తారు. క్యోటోలోని అరషియమ వద్ద ఆకాశగర్భ బోధిసత్త్వుని ఆలయమైన హోరింజిలో డిసెంబరు 8న పెద్ద కొన్యాకు పలకలో సూదులు గుచ్చుతారు. జపాను బౌద్ధులు శాక్యముని సంబోధి దినంగా జరుపుకొనేది ఆ రోజే.

కొన్యాకు పేరు మోసే ప్రసిద్ధ హాస్యకథ కూడా ఒకటుంది. కథకులు కూర్చుండి చెప్పే రకుగో సంప్రదాయంలోని ‘కొన్యాకు మోందో’ అది. ఒక కొన్యాకు వ్యాపారి ఆచార్యుని వేషంలో కూర్చోగా, వాదానికి వచ్చిన దేశాటన భిక్షువు మౌనంగా సైగలు చేస్తాడు. పది వేళ్ళు చూపి దశదిక్కుల లోకాన్ని గూర్చి అడుగుతాడు. వ్యాపారి ఐదు వేళ్ళు చూపుతాడు. పంచశీలాలతో లోకం నిలుస్తుందన్న సమాధానంగా భిక్షువు గ్రహించి, తాను ఓడినట్లు తలచి పారిపోతాడు. వ్యాపారికి తోచినది వేరు: వాడు పది కొన్యాకుల వెల అడిగాడు, తాను ఐదు వందలన్నాడు. ఈ కథను రచించినవాడు మునుపు భిక్షువుగా ఉన్న రెండవ హయషియ షోజో అని సంప్రదాయం. పాండిత్యం ఎంతటి శూన్యంలోనూ తన అర్థాన్నే చదువుకొంటుందన్న హెచ్చరిక ఇందులో ఉంది. సంఘం లోపల నుండి వచ్చిన ఆత్మపరిహాసం కనుకనే అది కటువుగా లేదు.

1944: జిగురు ఆయుధమైన వేళ

చరిత్రకారుడు ఈ దుంప గురించి చెప్పక తప్పని మరొక అధ్యాయం ఉంది. కొన్యాకు జిగురుతో చేతికాగితాన్ని బలపరచి వస్త్రాలు చేసుకోవడం జపానులో పాత విద్య. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి దశలో సైన్యం ఆ విద్యను వినియోగించుకొంది. కాగితపు పొరలను కొన్యాకు జిగురుతో అతికించి, వాయువు జారిపోని పెద్ద బెలూన్లు చేసి, బాంబులు కట్టి, ఎత్తయిన గాలిప్రవాహాలపై అమెరికా వైపు వదిలింది. 1944 నవంబరు నుండి 1945 ఏప్రిల్ వరకు తొమ్మిది వేలకు పైగా బెలూన్లు ఎగిరాయి. కాగితాలు అతికించినవారిలో ఎందరో పాఠశాల బాలికలు. కొన్యాకు అంగళ్ళ నుండి మాయమైంది. బెలూన్లను వదిలిన తీరాల్లో ఒకటి ఇబరాకిలోనే ఉంది. తోఎమోన్ పొడి పుట్టినదీ ఆ రాష్ట్రంలోనే.

1945 మే 5న ఒరెగాన్ అడవిలో విహారానికి వెళ్ళిన ఒక గర్భవతి, ఐదుగురు పిల్లలు ఒక బెలూన్ బాంబు పేలి మరణించారు. మాంసానికి బదులుగా, ప్రాణిహింస నివారణకు విహారాలు ఆదరించిన పదార్థం ప్రాణాలు తీసింది. పదార్థానికి శీలం లేదు. శీలమంతా దానిని పట్టిన చేతిలో ఉంది. చేతనయే కర్మమన్న బుద్ధవచన తాత్పర్యానికి ఇంత చేదు దృష్టాంతం ఆహార చరిత్రలో అరుదు. వారసత్వ పరిరక్షణ పేరిట ఆహార సంప్రదాయాలను కీర్తించేటప్పుడు ఈ అధ్యాయాన్ని విడిచిపెట్టడం న్యాయం కాదు.

నేటి పళ్ళెం

1872లో జపాను ప్రభుత్వం భిక్షువులకు మాంసాహారం, వివాహం అనుమతించింది. అప్పటి నుండి షోజిన్ ర్యోరి ఎక్కువమందికి నిత్యనియమంగా కాక, శిక్షణ విహారాల ఆచారంగా, ఆలయ సందర్శకుల విందుగా నిలిచింది. నేడు జపానులో కొంజాక్ పంటలో తొమ్మిది పాళ్ళకు పైగా గున్మ రాష్ట్రానిదే. ప్రపంచ విపణిలో దీని నూడుల్స్ బరువు తగ్గించే ఆహారంగా అమ్ముడవుతున్నాయి. హైదరాబాదు వంటి మన నగరాల ఇండ్లలోనూ మధుమేహం, స్థూలకాయం ఉన్నవారు వీటిని వండుకొంటున్నారు.

ఇక్కడ ఒక పాత ప్రశ్న కొత్తగా ఎదురవుతుంది. భిక్షువు ఆహారం ముందు చేయవలసిన ప్రత్యవేక్షణలో, భోజనం క్రీడకు, మదానికి, అలంకరణకు కాక ఈ దేహయాత్ర సాగడానికి, బ్రహ్మచర్యానికి తోడ్పడడానికి అన్న భావన ఉంది. తూర్పు ఆసియా విహారాల్లో భోజనానికి ముందు తలచే పంచభావనల్లో అన్నం ఎంత శ్రమ ఫలితమో గుర్తించడం మొదటిది, దానిని దేహపు కృశత్వానికి ఔషధంగా భావించడం మరొకటి. కొన్యాకు దేహాన్ని అంతగా పోషించదు. కడుపు నింపుతుంది, బలమివ్వదు. కనుక సన్నబడాలనే తపనతో దీనినే అన్నంగా చేసుకొన్నవాడు, మదానికి భుజించినవాని లాగే, ప్రత్యవేక్షణ తప్పినవాడవుతాడు. విహార భోజనంలో ఇది ఏనాడూ ఒంటరి వంటకం కాదు. అన్నం, సోయా, ఆకుకూరల పక్కన ఒక ముక్కగా ఉండి నమలడం నేర్పింది, తొందరను తగ్గించింది.

అయినప్పుడు దీని విలువ ఎక్కడ? మొదటి భావన దానికి సమాధానమిస్తుంది. మూడేండ్ల సేద్యం, దురద పుట్టించే దుంపను ఓపికగా శుద్ధిచేయడం, విరిగిన ముద్దను విడవక పిసకడం, నీటి తరువాత నీటిలో కడగడం: ఇంత శ్రమ పడితే పళ్ళెంలోకి వచ్చేది దాదాపు నీరు. ఫలం కంటే ప్రయత్నం అధికంగా ఉన్న ఆహారమిది. షోజిన్ అన్న మాట వీర్యమనే అర్థంతోనే ఈ వంటకానికి సరిపోయింది. మూడవ శతాబ్దిలో షు ప్రజలు బూడిద తేటలో ఉడికించిననాడు అది రుచి కోసం చేసిన పని. విహారపు తెంజో చేతిలో అదే పని పారమిత అయింది. చేసిన చేయి మారినప్పుడు, చేసిన భావం మారినప్పుడు, దుంప చరిత్ర ధర్మ చరిత్రలో భాగమయింది.